రాత్రికేం వండుదాం, వదినా?

మా అపార్ట్‌మెంట్ కొత్తపేటలో, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మూడో అంతస్తులో ఎదురెదురు వాటాల్లో ఒక దాంట్లో సూర్యాపేట నుంచి వచ్చిన రిటైర్డ్ సైన్సు టీచరమ్మ, రెండో దాంట్లో గుడివాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో ఉద్యోగం చేస్తున్న ఆవిడ ఉంటారు. వయసులో ఇరవై ఏళ్ల తేడా ఉన్నా ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. విజయవాడ హైవే, నాగార్జునసాగర్ రోడ్డు రెండూ ఎల్బీనగర్ వైపు నుంచే నగరంలోకి వస్తాయి. అందుకే దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా ఏ మేడ ఎక్కినా నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు గడపలు పక్కపక్కనే కనిపిస్తాయి. పండగ ముగ్గులు కలిసిపోతాయి, పిల్లల ఆటలు కలిసిపోతాయి. రాత్రి పొయ్యిలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఎందుకలా అన్న ప్రశ్న ఒక సాయంత్రం వరండాలో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నాలో పుట్టింది. పక్క వాటా మాదే. నేను మధ్యలో కల్పించుకోలేదు, విన్నాను.

సూర్యాపేట వదిన: ఇయ్యాల గూడ కవర్లేనా వదినా?

గుడివాడ వదిన: అవునండీ. ఒక దాంట్లో సాంబారు, ఇంకో దాంట్లో దొండకాయ వేపుడు. ఇంటికొచ్చి కుక్కర్లో బియ్యం పడేస్తే అరగంటలో భోజనం. ఇందులో తప్పేముందో చెప్పండి.

సూర్యాపేట వదిన: తప్పు అనలేదు. రోజూ అదే అయితున్నదని అంటున్న.

గుడివాడ వదిన: రోజూ అదే ఎందుకవుతోందో కూడా చూడాలి కదండీ. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక నా ప్రయాణం చాలా తేలికయింది. అయినా ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. అప్పుడు ఉల్లిపాయ తరగడం మొదలుపెడితే కంచాలు పెట్టేసరికి తొమ్మిదిన్నర. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు వెళ్లే పిల్లలు, నాలాంటి ఉద్యోగులు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, వీళ్లందరికీ రాత్రిపూట దిక్కు కర్రీ పాయింటే. దాని వెనక కూడా ఒక ఇల్లుంది. మన వీధి చివరి కర్రీ పాయింట్‌లో భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజామునే లేచి కూరలు తరుగుతారు. వాళ్ల కష్టాన్ని నేను తీసిపారేయలేను.

సూర్యాపేట వదిన: నేను గూడ తీసెయ్య. పరీక్షలకు చదివే పిలగాండ్లకు అది అన్నపూర్ణ లెక్క. గని ఆ కూర దేనికోసం పుట్టింది? అన్నంల కలుపుకోను. చిన్న కవరు కూర నలుగురు పంచుకుంటరు. మిగిలిన కంచమంత అన్నమే. కడుపు నిండుడు వేరు, కడుపుల నిలుచుడు వేరు వదినా. తొమ్మిదింటికి తిన్న పిలగాడు పదకొండింటికి బిస్కెట్ల డబ్బ తెరిచిండంటే ఆ బువ్వ నిలువలేదన్నట్టు.

గుడివాడ వదిన: మావాడు రోజూ తెరుస్తాడు. ఎదిగే వయసు ఆకలి అనుకున్నాను.

సూర్యాపేట వదిన: కొంత వయసే. మిగిలింది పప్పు తక్కువయ్యి. మన తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది గద, వాళ్లు 2024ల చెప్పిన లెక్క చూడు. దినానికి 2000 కేలరీలు తినే మనిషికి తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు, లేకుంటే వాటి బదులు గుడ్డో మాంసమో 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఇయ్యాల మీ కంచంల పప్పు ఎంత, కూరగాయ ఎంత? బియ్యంల లైసిన్ తక్కువ, పప్పుల అది మస్తుగ ఉంటది. పప్పుల తక్కువైన మెథియోనిన్ బియ్యంల దొరుకుతది. రెండూ కలిస్తేనే ఒంటికి పూర్తి మాంసకృత్తులు. బడిల ముప్పై ఏండ్లు నేను చెప్పిన పాఠమే ఇది.

గుడివాడ వదిన: పాఠం సరే. పప్పు అంటేనే మా పిల్లలు మొహం తిప్పుకుంటారు. మళ్లీ పప్పేనా అంటారు. అందుకే కొత్తవి చేసి చూశాను. ఒక వారం పాస్తా, ఒక వారం నూడుల్స్. సోయా సాసు, చిల్లీ సాసు, ఏవో ఎండుటాకుల పొడులు. ఒక్కో సీసా ఒక్కోసారి తెరిచాను. అన్నీ ఇంకా ఫ్రిజ్ తలుపులోనే ఉన్నాయి. తిన్న రాత్రి ఇంట్లో సంబరమే. మర్నాడు సాయంత్రానికి మళ్లీ అదే ప్రశ్న, రాత్రికేం వండాలి అని. కొత్త వంట అంటే కొత్త సామాను కొనడమేనా అని విసుగొచ్చి మానేశాను.

సూర్యాపేట వదిన: సామాను మారింది, ఇగురం మారలేదు. ఒక మాట అడుగుత. నువ్వు ఈడికి వచ్చి ఎన్నేండ్లయింది?

గుడివాడ వదిన: పదకొండేళ్లు.

సూర్యాపేట వదిన: సర్వపిండి తిన్నవా?

గుడివాడ వదిన: పేరు విన్నాను. తినలేదు.

సూర్యాపేట వదిన: ఎదురింట్ల ఉండి నేను పెట్టలేదు. అది నా తప్పే. బతుకమ్మకు సద్దులు పంపిన, సంక్రాంతికి సకినాలు పంపిన. మాపటికి మేం తినేది మాత్రం ఎన్నడు పంపలేదు. రోజువారీ తిండి పంపితే ఏమనుకుంటరో అని సిగ్గు.

గుడివాడ వదిన: మేమూ అంతేనండీ. అరిసెలు పంపాం, పులిహోర పంపాం. రాత్రి పులుసు గిన్నె ఎప్పుడైనా గడప దాటిందా? సరే, ఇప్పుడు చెప్పండి. సర్వపిండి ఎలా చేస్తారు?

సూర్యాపేట వదిన: రెండు గ్లాసుల బియ్యప్పిండికి పిడికెడు శనగపప్పు. రెండు గంటలు నానాలె. పల్లీలు వేయించి బరకగ దంచినవి పిడికెడు, నువ్వులు రెండు చెంచాలు, సన్నగ తరిగిన ఉల్లికాడలు, లేకుంటే ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర. పచ్చిమిరపకాయలు, జీలకర్ర కలిపి నూరి వెయ్యాలె. ఉప్పు వేసి, నీళ్లు చూసుకుంట ముద్ద చేసుకోవాలె. సర్వ గిన్నె లోపల నూనె రాసి ఆ ముద్దను అడుగుకు, అంచులకు వేళ్లతోని పలుచగ ఒత్తుడు. వేలుతోని నాలుగైదు బొక్కలు పెట్టి ఒక్కోదాంట్ల నాలుగు నూనె చుక్కలు. మూతపెట్టి సన్న మంట మీద ఉంచితే పది పన్నెండు నిమిషాలల్ల అడుగు ఎర్రగ కరకరలాడుతది, పైన మెత్తగ ఉడుకుతది. తిరగేసే పని లేదు. ఒక్కటే చిక్కు. కాలిన సర్వల రెండోది ఒత్తరాదు, చెయ్యి కాలుతది. ఆరేదాక ఆగాలె. అందుకే మా ఊరింట్ల రెండు సర్వలుండేటివి, ఒకటి పొయ్యి మీద, ఒకటి ఆరుకుంట.

గుడివాడ వదిన: ఇది మా దిబ్బరొట్టెకు తోబుట్టువులా ఉందే! ఒక గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి అందులో కలుపుతాం. ఇనప మూకుట్లో నూనె వేసి, పిండిని మందంగా పోసి, మూతపెట్టి సన్న సెగ మీద వదిలేస్తాం. ఒక పక్క ఎర్రబడ్డాక తిరగేస్తాం. పైన పెంకు గట్టిగా, లోపల దూదిలా ఉంటుంది. అల్లం పచ్చడితో తినొచ్చు. మా నాన్నగారికైతే బెల్లం పాకం ఉండాల్సిందే. ఒక్క పెద్ద ముక్క తింటే తెల్లారేదాకా ఆకలి మాటే ఉండదు.

సూర్యాపేట వదిన: ఎన్నడు చేసినవు కడపటిసారి?

గుడివాడ వదిన: హైదరాబాదు వచ్చాక చెయ్యలేదు. అది అమ్మ వంట, ఊరి వంట అనుకున్నాను. పిల్లలకు కొత్తది పెట్టాలని సీసాలు కొన్నాను.

సూర్యాపేట వదిన: నాకు నీ దిబ్బరొట్టె కొత్త. నీకు నా సర్వపిండి కొత్త. కొత్త వంట అంటే ఎదురింటి పాత వంట వదినా. దుకాణాలన్నీ వెతుకుతున్నం గని, ఈ వరండా దాటుతలేము.

గుడివాడ వదిన: మాట బాగుంది. కానీ నా అసలు అభ్యంతరం మీరింకా ముట్టుకోలేదు. కొత్త వంట అని ఎవరన్నప్పుడల్లా నాకు వినిపించేది కొత్త పని. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వేలో ఏం తేలింది? జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. మీరు ఇంటి వంట అంటున్నారు, ఆ ఇల్లు అంటే ఎవరు? నేనే కదా. ఈ కవర్లలో నేను కొనుక్కున్నది సాంబారు ఒక్కటే అనుకోకండి, ఒక గంట కొనుక్కున్నాను. ఆ గంటలో మా అమ్మాయికి లెక్కలు చెబుతాను. కొన్ని రోజులు కాళ్లు చాపుకుని ఊరికే కూర్చుంటాను. మీ సర్వపిండి కోసమైనా, మా దిబ్బరొట్టె కోసమైనా ఆ గంటను నేను ఇవ్వలేను.

ఇక్కడ టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత నెమ్మదిగా అందుకున్నారు.

సూర్యాపేట వదిన: నేను బడికి పోయినన్ని ఏండ్లు పొద్దుగాల నాలుగున్నరకు లేచిన. రెండు పూటల వంట నాదే. మా ఆయన మంచి మనిషి. గని పొయ్యి దగ్గరికి రాలేదు. నేను రమ్మనలేదు గూడ. రమ్మంటే వచ్చేటోడేమో. ఆయన పోయి ఆరేండ్లయింది, ఇగ అడిగే దారి లేదు. అందుకే నిన్ను వండుమని నేను చెప్పను వదినా. మీ ఇల్లు వండాలె అంటున్న. నీ గంట నీదే. దాన్ని గుంజుకునే వంట ఎంత రుచి ఉన్నా నాకొద్దు.

గుడివాడ వదిన: మా వారికి కుక్కర్ పెట్టడం కూడా రాదండీ.

సూర్యాపేట వదిన: రాదా, ఎవరన్న చెప్పలేదా? మాపటి వంటను నాలుగు ముక్కలు చేసి చూడు. పొద్దుగాల నానబెట్టుడు ఒకటి, సాయంత్రం తరుగుడు ఒకటి, పొయ్యి దగ్గర నిలబడుడు ఒకటి, గిన్నెలు తోముడు ఒకటి. నానబెట్టుడు రెండు నిమిషాల పని. తరుగుడు ఇరవై నిమిషాలు. నలుగురున్న ఇంట్ల ఒక్కరి మీద రెండు ముక్కలు పడొద్దు. మీ పిలగాడు పదో తరగతి. బొబ్బర్లు కడిగి నీళ్లల్ల పోసుడు ఆ చేతులకు బరువా?

గుడివాడ వదిన: అలా పంచుకునేటట్టయితే నేను కూడా మూడు షరతులు పెడతాను. ఒకటి, గిన్నెలు రెండు దాటకూడదు. రెండు, అందులో పప్పో గుడ్డో మాంసమో పేరుకు కాకుండా నిజంగా ఉండాలి. మూడు, పిల్లలు మళ్లీ ఇదేనా అనకూడదు. ఈ మూడింటికీ నిలిచేవి ఎన్నున్నాయో లెక్కపెడదాం.

సూర్యాపేట వదిన: ఖిచిడీ రాసుకో. ఈ షహర్ ముస్లిముల ఇండ్లల్ల పొద్దుగాల ఖిచిడీ, ఖీమా, ఖట్టా తింటరు. ఉల్లిగడ్డ ఎర్రగ వేయించి, అల్లం వెల్లుల్లి, పసుపు వేసి, రెండు పాళ్ల బియ్యానికి ఒక పాలు ఎర్ర మసూర్ పప్పు. ఖట్టా అంటే వేయించిన నువ్వులు నూరి చింతపండు నీళ్లల్ల కలిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసేది. మా పచ్చిపులుసుకు దగ్గరి చుట్టం. ఖీమా చేసే ఓపిక లేకుంటే మనిషికో ఉడికిన గుడ్డు.

గుడివాడ వదిన: వాళ్ల పొద్దుటి వంట మనకు రాత్రి వంట. పూట మారిస్తే కూడా కొత్తదే అవుతుంది. మూడు షరతులకూ నిలిచింది. మా వైపు నుంచి దప్పళం. గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడ, ఆనపకాయ పెద్ద పెద్ద ముక్కలు. చింతపండు పులుసులో ఉడికించి, బెల్లం వేసి, చివర్లో కొంచెం బియ్యప్పిండి కలిపి చిక్కబరిచి తిరగమాత పెట్టడమే. పక్కన ముద్దపప్పు, నెయ్యి. నలుగురికి కిలో ముక్కలు వేస్తే మనిషికి పావుకిలో కూరగాయలు. మీరు చెప్పిన 400 గ్రాముల్లో సగానికి పైగా ఒక్క పూటలోనే వచ్చేశాయి. మర్నాటికి ఇంకా రుచి.

సూర్యాపేట వదిన: గని అంత బెల్లం నేను తినలేను. పులుసు పుల్లగ ఉండాలె.

గుడివాడ వదిన: బెల్లం లేకపోతే అది దప్పళమే కాదండీ. ఇందులో మాత్రం నేను తగ్గను. మీ గిన్నెలోకి ముందే తీసి పక్కన పెడతాను.

సూర్యాపేట వదిన: గట్లనే కానీ. ఇగ నాది జొన్నరొట్టె, పుంటికూర పప్పు.

గుడివాడ వదిన: పుంటికూర అంటే మా గోంగూరే కదా. సరూర్‌నగర్ రైతుబజార్‌లో ఒకావిడ పుంటికూర అంటుంది, పక్కావిడ గోంగూర అంటుంది, కట్ట ఒక్కటే. పప్పుకు ఒప్పుకుంటాను. జొన్నరొట్టె మాత్రం షరతులకు నిలవదు. ఒకసారి చేశాను, పెనం మీదికి చేరకముందే విరిగింది.

సూర్యాపేట వదిన: చన్నీళ్లతోని కలిపి ఉంటవు. గోధుమపిండిల ఉండే జిగురు జొన్నపిండిల ఉండదు. మసిలే నీళ్లు పోసి కలిపితేనే పిండి పట్టుకుంటది. వేడి మీదనే అరచేతితోని నలిచి నలిచి, పీట మీద చేత్తోని కొట్టాలె. పెనం మీద వేసినంక పైన తడిబట్టతోని నీళ్లు అద్దాలె. మొదటివారం పది విరుగుతయి. తర్వాత చెయ్యికే తెలుస్తది.

గుడివాడ వదిన: పిండి కలపడం నేర్చుకుంటాను. కానీ మనిషికి రెండంటే ఎనిమిది రొట్టెలు, ఒక్కొక్కటి కాలుస్తూ ఎవరో ఒకరు ముప్పావుగంట పొయ్యి దగ్గర నిలబడాలి. అందరూ తింటుంటే ఒకరు కాలుస్తుండాలి. ఆ ఒకరు ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సూర్యాపేట వదిన: ఈ మాట నువ్వు గెలిచినవు. నేను గూడ ఎన్నడు వేడి రొట్టె కూసోని తినలేదు. అయితే ఇట్ల చేద్దాం. సాయంత్రమైతే రోడ్ల పక్కన ఆడోళ్లు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నరు గద. రొట్టెలు ఆమె దగ్గర కొను, పప్పు ఇంట్ల వండు.

గుడివాడ వదిన: ఆగండాగండి. ఇన్నేళ్లూ నేను అన్నం ఇంట్లో వండి, కూర బయట కొన్నాను. మీరు రొట్టె బయట కొని, కూర ఇంట్లో వండమంటున్నారు.

సూర్యాపేట వదిన: అవును. నిలబడి కాల్చే పని కొనుక్కో. పప్పు కుక్కర్ల దానంతట అదే ఉడుకుతది, ఎవరు కాపలా ఉండనక్కర లేదు. నూనె, ఉప్పు, పప్పు, ఆకుకూర ఎంతెంతన్నది మీ చేతుల్లనే ఉంటది. రొట్టెల దాచిపెట్టేదేమున్నది? జొన్నపిండి, నీళ్లు.

గుడివాడ వదిన: ఇన్నేళ్లలో ఈ లెక్క నాకు తట్టనే లేదు. బయట ఏది కొనాలో, ఇంట్లో ఏది వండాలో తేల్చుకోవడంలోనే ఉంది మీరనే ఇగురం. ఇదే దారిలో గుడ్ల పులుసు కూడా రాసుకుంటాను. పొద్దున్నే గుడ్లు ఉడికించి పెట్టుకుంటే సాయంత్రం పులుసు కాచడమే. అయినా ఒక మాట ముందే చెబుతున్నాను. వారానికి రెండు రాత్రులు కర్రీ పాయింట్ కవర్లు మా ఇంటికి వస్తాయి. వాటిని వదలను.

సూర్యాపేట వదిన: ఒక్కటి చాలు.

గుడివాడ వదిన: రెండండీ. నెలాఖరు పనులు, పిల్లల పరీక్షలు, ఒంట్లో బాగాలేని రోజులు మీకు తెలియనివా? ఆ రెండు రాత్రులు లేవంటే మూడో వారానికే ఈ ఏర్పాటంతా కూలిపోతుంది. మిగతా ఐదు నిలబడాలంటే ఈ రెండూ ఉండాలి.

సూర్యాపేట వదిన: ఒకటే చాలని నాకు ఇప్పటికీ అనిపిస్తున్నది. గని ఇల్లు నీది, నువ్వు చెప్పినట్టే కానీ. ఒక్కటి మాత్రం నా మాట విను. ఆ రెండు రాత్రులు గూడ పక్కన గిన్నెడు గుడాలు ఉండాలె. బొబ్బర్లో, పెసర్లో, శనగలో. పొద్దుగాల నానబెడితే మాపటికి కుక్కర్ల పదిహేను నిమిషాలు. ఉల్లిగడ్డ, నిమ్మరసం. అప్పుడు కవరు కూర అయినా కడుపుల నిలుస్తది.

గుడివాడ వదిన: గుగ్గిళ్లన్నమాట. మా వాడికి ఇష్టమే. నవరాత్రుల ప్రసాదంగా తప్ప ఇంట్లో చెయ్యనని నన్ను సాధిస్తుంటాడు కూడా.

సూర్యాపేట వదిన: చూసినవా, వాడు అడుగుతనే ఉన్నడు. ఇగ సర్వపిండి ఎన్నడు?

గుడివాడ వదిన: ఈ రాత్రికి సాంబారుంది. రేపు. కానీ మా ఇంట్లో సర్వ లేదు.

సూర్యాపేట వదిన: నా దగ్గర గూడ ఒక్కటే మిగిలింది. రెండోది ఊర్ల ఉండిపోయింది. ఒకటి ఆరేదాక రెండోది వెయ్యలేం.

గుడివాడ వదిన: మా అమ్మ ఇచ్చిన దిబ్బరొట్టె మూకుడుంది. అటకమీద పెట్టాను. అందులో ఒత్తితే రాదా?

సూర్యాపేట వదిన: ఎందుకు రాదు? మందం మూకుడైతే ఇంకా మంచిగ కాలుతది. సర్వ ఆరేటప్పుడు మూకుడు పొయ్యి మీద, మూకుడు ఆరేటప్పుడు సర్వ. ఎల్లుండి అదే మూకుట్ల నీ దిబ్బరొట్టె. మినప్పప్పు నేను రుబ్బిస్త.

గుడివాడ వదిన: అయితే శనగపప్పు ఎన్నింటికి నానబెట్టాలి? పొద్దున్న నేను ఎనిమిదింటికే బయల్దేరతాను.

సూర్యాపేట వదిన: చెప్త. నీకు కాదు. మీ ఆయనను ఒక్కసారి ఇటు పిలువు.